క్రూజ్ ఓడలో డిన్నర్‌కి పంచె, చీర సరిపోతాయా?

అక్కయ్య గారూ, మీ ప్రశ్న చూశాను. సియాటిల్‌లో ఉన్న మీ అమ్మాయి ఆగస్టులో 7 రాత్రుల అలాస్కా క్రూజ్ బుక్ చేసింది. వాళ్లు పంపిన వివరాల్లో రెండు రాత్రులు డిన్నర్‌కి ‘ఫార్మల్’ అని ఉంది. బావగారు పంచె తప్ప కట్టరు, మీకు చీర తప్ప అలవాటు లేదు. అమలాపురంలో సూటు కుట్టించాలా, మీరు కొత్తగా గౌను లాంటిదేమైనా కొనుక్కోవాలా, లేక ఆ రెండు పూటలూ గదిలోనే ఏదో తినేసి పడుకోవాలా అని అడిగారు.

సూటు అక్కర్లేదు. గౌనూ అక్కర్లేదు. గదిలో ఉండిపోవడం మాత్రం అసలు వద్దు.

నాది నరసాపురం. క్రూజ్ ఓడల్లో మెయిన్ డైనింగ్ రూమ్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. అసిస్టెంట్ వెయిటర్‌గా చేరి, హెడ్ వెయిటర్‌గా మానేసి ఇంటికొచ్చాను. అందుకని ఇది కొంచెం పెద్దగానే రాస్తున్నాను. నన్ను ఇప్పటికీ బాధపెట్టే విషయం ఒకటుంది. ఫార్మల్ నైట్ రోజు కింద డైనింగ్ రూమ్‌లో తెల్ల గుడ్డలు పరిచి, గ్లాసులు తుడిచి, ఆ వారం మొత్తంలో మంచి వంట చేసి పెడతాం. అదే సమయానికి పైన బఫేలో ఒక మూల మన పెద్దవాళ్లు ఇద్దరు కూర్చుని పప్పూ అన్నం తింటూ కనిపిస్తారు. పిల్లలేమో కింద ఉంటారు. ఎందుకు రాలేదండీ అని అడిగితే, మాకు ఆ బట్టలు లేవు బాబూ, మావల్ల పిల్లలకు నామోషీ ఎందుకు అంటారు. ఇంట్లో బీరువా నిండా పట్టుచీరలు ఉన్న మనుషులు ఆ మాట అంటారు! పిల్లలు డబ్బు కట్టింది ఆ భోజనానికి కూడా. బట్టల భయంతో దాన్ని వదులుకోకండి.

ముందు ఈ ‘ఫార్మల్’ సంగతి చూద్దాం. పూర్వం అట్లాంటిక్ సముద్రం దాటే పెద్ద ఓడల్లో మొదటి తరగతి ప్రయాణికులు రాత్రి భోజనానికి ప్రత్యేకంగా ముస్తాబై వచ్చేవాళ్లు. ఆ ఆచారంలో మిగిలిన ముక్కే ఇప్పటి ఫార్మల్ నైట్. అప్పట్లో కూడా ఎక్కిన మొదటి రాత్రి ఆ పట్టింపు ఉండేది కాదు, ఎందుకంటే అప్పటికి పెట్టెలు విప్పి ఉండరు. ఇప్పటికీ అంతే, మొదటి రాత్రీ చివరి రాత్రీ మామూలు బట్టలే. ఫార్మల్ నైట్ సాధారణంగా ఓడ ఏ రేవులోనూ ఆగని రోజున పెడతారు, తయారవడానికి తీరిక ఉంటుందని. సియాటిల్ ఓడలకైతే చాలాసార్లు రెండో రోజే వస్తుంది.

కంపెనీని బట్టి పేరూ మారుతుంది, పట్టుదలా మారుతుంది. రాయల్ కరీబియన్, కార్నివాల్ ఓడల్లో 5 రాత్రుల దాకా ప్రయాణానికి సాధారణంగా ఒక ఫార్మల్ నైట్, 6 గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే రెండు. కార్నివాల్ వాళ్లు దాన్ని ‘ఎలిగెంట్’ అంటారు, సెలబ్రిటీ వాళ్లు ‘ఈవెనింగ్ షిక్’ అంటారు. నార్వీజియన్‌లో తప్పనిసరి ఫార్మల్ నైట్ అంటూ లేదు, ముస్తాబు కావాలంటే అవ్వచ్చు, లేకపోతే లేదు. అందరికన్నా పట్టింపు ఎక్కువ ఉన్నది క్యూనార్డ్ వాళ్లకి. వాళ్ల గాలా ఈవెనింగ్ రోజు సాయంత్రం 6 దాటాక మగవాళ్లు నల్ల సూటు, బో టై లాంటివి వేసుకుని తిరుగుతారు. అంత పట్టింపున్న క్యూనార్డ్ కూడా ఏ దేశం వాళ్లు ఆ దేశపు సంప్రదాయ దుస్తుల్లో రావచ్చని రాసి మరీ చెబుతుంది. స్కాట్లాండ్ వాళ్లు కిల్ట్ కట్టుకుని వస్తారు. మోకాళ్ల దాకా ఉండే ఆ గళ్ల గుడ్డకు గౌరవం ఉన్నప్పుడు పాదాల దాకా ఉన్న మన జరీ పంచెకు ఎందుకు ఉండదు? అలాస్కా ఓడల వాతావరణం అంత బిగువుగా కూడా ఉండదు. పగలంతా మంచుకొండలు చూసి వచ్చిన జనం, సగం మంది కోటు కూడా వేసుకోరు.

ఏ రాత్రి ఏ తరహా బట్టలో ముందుగా కంపెనీ వెబ్‌సైట్‌లోనూ, ఓడ ఎక్కాక రోజూ వచ్చే కార్యక్రమాల కాగితంలోనూ రాసి ఉంటుంది. ఇప్పుడు చాలా ఓడల్లో అది ఫోన్ యాప్‌లో వస్తోంది. మీ అమ్మాయిని అడిగి రోజూ పొద్దున్నే చూసుకోండి. లెక్క ఇలా పెట్టుకుంటే సులువు: మన వైపు పెళ్లి రిసెప్షన్‌కి కట్టుకునేది ఫార్మల్ నైట్‌కి, గృహప్రవేశానికో సత్యనారాయణ వ్రతానికో పిలిస్తే కట్టుకుని వెళ్లేది ‘స్మార్ట్ క్యాజువల్’ రాత్రికి, కాకినాడో రాజమండ్రో బజారు పనికి వెళ్లే బట్టలు ‘క్యాజువల్’ రాత్రికి.

డైనింగ్ రూమ్ తలుపు దగ్గర నిలబడ్డ హెడ్ వెయిటర్ ఏం చూస్తాడో చెబుతాను, ఎందుకంటే ఆ నిలబడ్డవాణ్ణి నేనే. చూపు ముందు పాదాల మీదికి పోతుంది. ఒట్టి కాళ్లా, రబ్బరు స్లిప్పర్లా? తర్వాత తల మీదికి, టోపీ ఉందా? ఆ తర్వాత భుజాలు, మగవాళ్లు చేతుల్లేని బనీను లాంటిది వేసుకున్నారా? చివరగా ఈత కొలను నుంచి తిన్నగా తడి బట్టలతో వచ్చారా? ఆపేది ఈ నాలుగింటికే. ఇదంతా రెండు క్షణాల్లో అయిపోతుంది, పైకి నవ్వుతూనే ఉంటాం. ఇస్త్రీ పంచె కట్టి, కండువా వేసుకుని, కాలికి మంచి చెప్పులున్న పెద్దమనిషిని ఆపాల్సిన పని నాకు ఒక్కసారీ పడలేదు. పైగా అలాంటివారు వస్తే పక్క టేబుళ్ల వాళ్లు తల తిప్పి చూసేవాళ్లు, ఫొటో తీసుకోవచ్చా అని అడిగేవాళ్లు. చీర కట్టుకున్న ఆడవాళ్ల గురించి అయితే చెప్పక్కర్లేదు. ఆ గదిలో వాళ్లకు మించి ఫార్మల్‌గా ఉన్నవాళ్లు ఉండరు.

బావగారి సంగతి వివరంగా చెబుతాను. పట్టు పంచె, పూర్తి చేతుల లాల్చీ, కండువా, ఇది ఫార్మల్ నైట్‌కి నిండుగా సరిపోతుంది. రెండో ఫార్మల్ రాత్రికి అదే పంచె మీద వేరే రంగు లాల్చీ వేసుకుంటే చాలు. గోచీ పోసి కట్టే అలవాటుంటే మరీ మంచిది, నడకకు అడ్డం రాదు, మెట్లు ఎక్కేటప్పుడు కాళ్ల కింద పడదు. అడ్డపంచె అయితే లోపల బెల్టు తప్పకుండా పెట్టుకోమనండి. లేదా వెల్క్రో అంటించిన రెడీమేడ్ పంచె పట్టుకెళ్లండి, మన బట్టల షాపులన్నిటిలోనూ దొరుకుతోంది. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పండి. నాలుగడుగులు వేయగానే పంచెను మోకాళ్ల పైకి మడిచి కట్టడం మన మగవాళ్లకు చేతి అలవాటు. చేలో గట్టు మీద సరే, డైనింగ్ రూమ్‌లో కూడదు. ఇంకొకటి, భోజనమయ్యాక పంచెతో పైన డెక్ మీదికి షికారు వద్దు. నడిసముద్రంలో గాలి మామూలుగా ఉండదు. గదికి వచ్చి ప్యాంటు వేసుకుని వెళ్లమనండి.

మామూలు రాత్రులకు కాలరున్న చొక్కా, ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల నూలు పంచె చాలు. ఆయనకు ప్యాంటు వేసుకోవడం ఇష్టమే అయితే ఒక ముదురు రంగు ప్యాంటు, రెండు ఫుల్ హ్యాండ్స్ చొక్కాలు పెట్టండి. జోధ్‌పురి కోటు ఇంట్లో ఉంటే దాన్ని ఫార్మల్ నైట్‌కి కళ్లు మూసుకుని వేసుకోవచ్చు. లేకపోతే దానికోసం కొత్తగా కుట్టించవద్దు. ఎప్పుడూ టై కట్టని మనిషి మెడకు టై బిగించి గంటన్నర కూర్చోబెడితే ఆయన తిండి సరిగా తినలేడు, పక్కన మీరూ తినలేరు. అల్లుడుగారు ముచ్చటపడి మామగారికి సూటు వేయిస్తానంటే, ఆయనకు సరదా ఉంటే వేయించండి. కొన్ని ఓడల్లో అద్దెకు కూడా ఇస్తారు. మొహమాటానికి మాత్రం ఒప్పుకోవద్దు.

ఇక మీ చీరలు. కంచి పట్టుచీరలు నాలుగు పెట్టుకోవాలని మనసు లాగుతుంది. వద్దండి. అమెరికా విమానంలో ఒక్కో పెట్టెకు సాధారణంగా 23 కిలోలే, ఓడ గదిలో బీరువా చాలా ఇరుకు, పైగా చలి బట్టలకు చోటు కావాలి. ఫార్మల్ రాత్రులు రెంటికీ రెండు పట్టుచీరలు, అవీ తేలికపాటివి చాలు. నన్నడిగితే ఒకటి ఉప్పాడ జాందానీ పెట్టుకోమంటాను. పిఠాపురం పక్కన మన ఉప్పాడలో నేసే ఈ చీరకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బరువుండదు, మడతపెడితే పెట్టెలో చోటు తినదు. పువ్వులను మగ్గం మీదే చేత్తో నేస్తారు కాబట్టి వెనకవైపు దారాలు వేలాడవు, కొంగు తిరగబడినా అందంగానే ఉంటుంది. దీపాల వెలుతురులో ఆ జరీ పువ్వు ఎంత బాగుంటుందో ఎదురుగా కూర్చున్నవాళ్లు చెబుతారు మీకు.

స్మార్ట్ క్యాజువల్ రాత్రులకు క్రేప్, జార్జెట్, సాఫ్ట్ సిల్క్ లాంటివి మూడు పెట్టుకోండి. బండారులంక నూలు చీరలంటే నాకూ చాలా ఇష్టం, మా అమ్మ అవే కట్టేది. కానీ గంజి పెట్టి ఇస్త్రీ చేస్తేనే వాటి అందం. ఓడలో ఆ పని కుదరదు. ఇస్త్రీ పెట్టె గదిలోకి తీసుకురానివ్వరు, నిప్పు భయం. పెట్టెలో కనిపిస్తే స్కానింగ్‌లోనే తీసి పక్కన పెట్టేసి, దిగేటప్పుడు ఇస్తారు. అగరొత్తులు, దీపాలు, కర్పూరం కూడా అంతే. దేవుడి పటం పెట్టుకుని దండం పెట్టుకోండి, వెలిగించడం మాత్రం వద్దు. కార్నివాల్ లాంటి కొన్ని ఓడల్లో ప్రయాణికుల కోసం ఇస్త్రీ బల్ల ఉన్న లాండ్రీ గది ఉంటుంది, రాయల్ కరీబియన్‌లో ఉండదు, గదికి వచ్చి తీసుకెళ్లి ఇస్త్రీ చేసి ఇచ్చే సేవకు విడిగా డబ్బు కట్టాలి. అలా ఇవ్వాలనుకుంటే ఎక్కిన రోజే ఇచ్చేయండి. ఫార్మల్ నైట్ పొద్దున ఓడంతా ఇస్తుంది. పట్టుచీరను మాత్రం వాళ్లకు ఇవ్వవద్దు, ఇంటి దగ్గరే ఇస్త్రీ చేయించి చుట్టలా చుట్టి పెట్టుకోండి. చుట్టితే మడతల గీతలు పడవు.

చీర ఎత్తు సంగతి చాలామంది మర్చిపోతారు. ఓడలో ఏ చెప్పులు వేసుకుంటారో అవి వేసుకునే ఇంట్లో ఒకసారి కట్టి చూసుకోండి. అంచు నేలకు ఒక వేలు పైన ఉండాలి. డైనింగ్ రూమ్ చాలా ఓడల్లో రెండు మూడు అంతస్తులుగా ఉంటుంది, మధ్యలో పెద్ద మెట్లుంటాయి, ఓడ మెల్లగా ఊగుతూ ఉంటుంది. సియాటిల్ నుంచి బయల్దేరే ఓడలు చాలావరకు వాంకూవర్ దీవికి పడమర వైపు, పసిఫిక్ సముద్రంలోంచి పోతాయి. సఖినేటిపల్లి రేవు నుంచి పంటు మీద నరసాపురం దాటిన అనుభవంతో ఆ సముద్రాన్ని లెక్కవేయకండి. ఓడకు ఊపు తగ్గించే రెక్కలు రెండు వైపులా ఉంటాయి, అయినా ఒక్కోసారి అడుగు తడబడుతుంది. కాబట్టి సన్న మడమల చెప్పులు వద్దు. మడమ వెనక పట్టీ ఉన్న, అడుగు జారని చెప్పులు తీసుకోండి. బావగారికి పంచె మీదికి తోలు చెప్పులో, నల్లని కట్ షూలో ఉంటే సరి. హవాయి చెప్పులు గదిలో వాడుకోవడానికే.

కూర్చోవడం కూడా నేర్పుతానంటే నవ్వకండి, చీరకు జరిగే నష్టమంతా అక్కడే. వెయిటర్ మీ కుర్చీ వెనక్కి లాగి, మీరు కూర్చుంటుంటే ముందుకు జరుపుతాడు. అతనికి చీర తెలియదు. పైట కొంగు కుర్చీ వెనక్కి వేలాడుతూ ఉంటే కుర్చీ కాలు దాన్ని నొక్కేస్తుంది, మీరు లేవగానే భుజం దగ్గర పిన్నీసు గుడ్డను చింపేస్తుంది. జాందానీ లాంటి పల్చని చీర అయితే ఇక చెప్పనక్కర్లేదు. అందుకని కుర్చీ దగ్గరికి వచ్చాక ఒక్క క్షణం ఆగి, కొంగును ముందుకు తిప్పి ఒళ్లోకి తెచ్చుకుని, అప్పుడు కూర్చోండి. దాని మీద నాప్‌కిన్ పరుచుకోండి. నాప్‌కిన్ సగం మడిచి కాదు, పూర్తిగా విప్పి. సూపు, సాసు, ద్రాక్షసారా గ్లాసులు మీ భుజం పక్కనుంచే వస్తూ పోతూ ఉంటాయి. ఏదైనా ఒలికితే రుద్దకండి, వెయిటర్‌ని పిలిచి సోడా నీళ్లు అడగండి, పొడి గుడ్డతో అద్దించి వదిలేయండి. జరీ మీద పడితే నీళ్లు కూడా వద్దు, అద్ది ఊరుకోండి.

చలి. బట్టల విషయంలో మన వాళ్లు అసలు ఊహించనిది ఇదే. అలాస్కా అంటే బయట చలి అని అందరికీ తెలుసు, దానికి కోట్లు కొంటారు. లోపల డైనింగ్ రూమ్ కూడా చల్లగా ఉంటుంది. వందల మంది కోట్లు వేసుకుని కూర్చునే గది కాబట్టి ఏసీ గట్టిగానే పెడతారు. మన ఎండలకు అలవాటైన ఒళ్లు రెండో ఐటమ్ వచ్చేసరికి వణకడం మొదలుపెడుతుంది. ఆ మీద భోజనం రుచి తెలియదు. లంగా లోపల పల్చని థర్మల్ లెగ్గింగ్ వేసుకోండి, బయటికి కనపడదు. జాకెట్టు మోచేతి దాకా ఉంటే మంచిది. ఒక మెత్తని ఉన్ని శాలువా, ఏ చీరకైనా కలిసే మీగడ రంగుదో బూడిద రంగుదో, చేతిలో ఉంచుకోండి. సన్మానాల్లో కప్పే మెరుపు శాలువాలు వద్దు, అవి వెచ్చదనం ఇవ్వవు. బావగారికి లాల్చీ లోపల థర్మల్ బనీను, పైన ఒక జాకెట్.

మీ అమ్మాయికి ఏం తీసుకెళ్లాలని కూడా ఒక మాట అడిగారు కదా, మా ఊరి లేసు స్టోల్ ఒకటి తీసుకెళ్లండి. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు ఇంటి పని ముగించుకుని అరుగు మీద కూర్చుని క్రోషే సూదితో అల్లే లేసు ఇది. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు ఇక్కడ నేర్పిన పని, 2024లో దానికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. ముదురు రంగు గౌను మీద తెల్ల లేసు స్టోల్ వేసుకుని ఫార్మల్ నైట్‌కి వస్తే అంత బాగా ఆ ఓడలో దుకాణాల్లో ఏదీ ఉండదు. ఇది వెచ్చదనానికి కాదు, అందానికి.

నగలు తక్కువ పెట్టుకోండి. మంగళసూత్రం, రెండేసి గాజులు, చెవులకు ఉన్నవి, ఒక సన్నని నెక్లెస్ చాలు. వడ్డాణం, హారాలు అక్కడ ఎవరూ ఆశించరు, విమానాల్లో వాటిని కాపలా కాయడమే మీ ప్రయాణం అయిపోతుంది. గదిలో చిన్న లాకర్ ఉంటుంది, స్నానానికి వెళ్లేటప్పుడు తీసినవి అందులో పెట్టండి. మల్లెపూలు ఇక్కడి నుంచి పట్టుకెళ్లే ఆలోచన వద్దు, అమెరికాలో దిగగానే తనిఖీలో పోతాయి.

ఇంకో మాట, దీనికి ఏమీ అనుకోకండి. నైటీ మీద తువ్వాలు వేసుకుని వీధి గుమ్మం దాకా రావడం, లుంగీతో టీకొట్టు దాకా వెళ్లడం మన వైపు తప్పు కాదు. ఓడలో గది తలుపు దాటితే మాత్రం నలుగురిలోకి వచ్చినట్టే. పొద్దున్నే కాఫీ కోసం పైకి వెళ్లేటప్పుడు కూడా చీరో, పంజాబీ డ్రెస్సో కట్టుకుని, కాలికి చెప్పులు వేసుకుని వెళ్లండి. చీర కట్టడానికి ఓపిక లేకపోతే కాఫీ గదికే తెప్పించుకోవచ్చు.

ముస్తాబయ్యే ఓపిక నిజంగానే లేని రాత్రి ఉంటుంది. రోజంతా జూనో, కెచికాన్ లాంటి అలాస్కా ఊళ్లలో తిరిగి వచ్చి కాళ్లు పీకుతుంటాయి. ఆ రాత్రి బఫేకి హాయిగా వెళ్లండి. అక్కడ ఫార్మల్ నైట్ రోజు కూడా ఎవరూ బట్టలు అడగరు. అలసిపోయి వెళ్లడం వేరు, భయపడి వెళ్లడం వేరు. నేను వద్దంటున్నది రెండోదాన్ని.

భోజనం గురించి బట్టలకు సంబంధించినంత వరకే చెబుతాను. మెయిన్ డైనింగ్ రూమ్‌లో రెండు పద్ధతులుంటాయి. ఒకటి రోజూ ఒకే వేళకు, ఒకే టేబుల్‌కి, ఒకే వెయిటర్ దగ్గరికి వెళ్లడం. రెండోది వీలైనప్పుడు వెళ్లి కూర్చోవడం. మీ ఇద్దరికీ మొదటిదే పెట్టించమనండి. ఆ వెయిటర్‌కి మొదటి రాత్రే మీరు శాకాహారమా, గొడ్డుమాంసం తగలకూడదా, కారం కావాలా అన్నీ చెప్పేయండి. ముందురోజు చెబితే మర్నాటికి పప్పు, కూర, అన్నం చేయించి పెడతాడు, చాలా ఓడల వంటగదుల్లో మన దేశం వంటవాళ్లు ఉంటారు. చేత్తో తినాలనిపిస్తే తినండి, ఎవరూ ఏమీ అనుకోరు. పట్టుచీర కట్టుకున్న రాత్రి చెంచా వాడితే మాత్రం చీరకు మంచిది. రెండో రోజుకల్లా అతను మీ పేర్లు నేర్చుకుంటాడు. తెలిసిన ముఖం ఎదురొస్తుంటే గదిలోకి అడుగు పెట్టడానికి టెన్షన్ ఉండదు, ఫార్మల్ నైట్ రోజు బావగారిని పంచెలో చూసి మొదట సంతోషించేది అతనే.

ఫార్మల్ రాత్రి డైనింగ్ రూమ్ బయట తెర కట్టి ఫొటోలు తీస్తారు. తీయించుకోవడానికి డబ్బు అక్కర్లేదు, ప్రింట్ కావాలంటేనే కొనాలి. కాబట్టి మొహమాటపడకుండా నిలబడండి. భోజనానికి ముందే వెళ్లండి, కుచ్చిళ్లు చెదరక ముందు. ఇద్దరూ పట్టుబట్టల్లో ఉన్న ఫొటో ఒకటి తప్పకుండా కొనుక్కోండి.

మనవలకు ఫుల్ ప్యాంటు, కాలరున్న చొక్కా చాలు. పిల్లల విషయంలో తలుపు దగ్గర పెద్దగా చూడరు.

ఇది చదివే మిగతావాళ్లకు ఒక మాట. విశాఖ నుంచి 2022లో కార్డీలియా ఎంప్రెస్ ఓడ పుదుచ్చేరి, చెన్నై వైపు తిరిగింది. అలాంటి మన దేశపు ఓడల్లో ఈ బెంగ సగం కూడా ఉండదు, చుట్టూ అందరూ మన బట్టల్లోనే ఉంటారు. అక్కడా రాత్రి భోజనానికి నైటీలు, నిక్కర్లు మాత్రం వద్దు.

ఇప్పుడు పెట్టెలు సర్దే సంగతి. ఓడ ఎక్కేటప్పుడు పెద్ద పెట్టెలు రేవులోనే తీసేసుకుంటారు. అవి గది తలుపు దగ్గరికి వచ్చేసరికి సాయంత్రం అవుతుంది, ఒక్కోసారి డిన్నర్ వేళ దాటుతుంది. అందుకని మొదటి రాత్రి కట్టుకునే చీర, జాకెట్టు, లంగా, బావగారి చొక్కా పంచె, శాలువా, మందులు, పాస్‌పోర్టులు చేతిసంచిలో మీతోనే ఉంచుకోండి. పాస్‌పోర్టు అన్నాను కాబట్టి గుర్తొచ్చింది. విదేశీ జెండాతో తిరిగే ఓడ అమెరికాలో ఎక్కించుకుని మళ్లీ అమెరికాలోనే దింపాలంటే మధ్యలో వేరే దేశం రేవు తగలాలని 1886 నాటి చట్టం ఒకటుంది. అందుకే సియాటిల్ ఓడలు చాలావరకు కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి. మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు కెనడా వీసా కావాలి, తిరిగి రావడానికి అమెరికా వీసా కూడా మల్టిపుల్ ఎంట్రీ అయి ఉండాలి. బట్టలకన్నా ముందు మీ అమ్మాయి చేత ఇది చూపించండి.

విక్టోరియాలో ఓడ ఆగేది చాలాసార్లు చివరి సాయంత్రమే. ఆ రాత్రి సగం మంది ఊళ్లోకి దిగుతారు, డిన్నర్ హడావిడిగా సాగుతుంది, రేవులోకి వెళ్లిన బట్టలతోనే వచ్చి తినేస్తారు. మీరూ అలాగే చేయండి. ఎందుకంటే పెద్ద పెట్టెలు ఆ రాత్రే ట్యాగులు కట్టి గది బయట పెట్టాలి, అర్ధరాత్రి లోపు పట్టుకుపోతారు, మళ్లీ కనపడేది రేవులో దిగాకే. అన్నీ అందులో సర్దేసి, పొద్దున్నే కట్టుకోవడానికి ఏమీ లేక నైటీతో దిగినవాళ్లను చూశాను. మర్నాటి చీర, జాకెట్టు, లంగా, పిన్నీసులు, బావగారి పంచె, చొక్కా, ఇద్దరి చెప్పులు, పొద్దున వేసుకునే మాత్రలు మంచం మీద పరిచి ఒకసారి లెక్క చూసుకుని, అవి చేతిసంచిలోకి వెళ్లాకే పెట్టె తాళం వేసి బయట పెట్టండి.